ఎవరి గుండె, ఎవరి సంతకం?

గుండెజబ్బుతో ఆస్పత్రికి పోయి వచ్చిన స్త్రీని "డాక్టరు ఏమన్నాడమ్మా?" అని అడిగితే మా కదిరి పల్లెల్లో తరచుగా వినిపించే జవాబు ఇది: "నాకేం తెలుసక్కా, ఆయప్పకు చెప్పినారు." ఆ 'ఆయప్ప' మొగుడు కావచ్చు, అన్న కావచ్చు, బెంగుళూరులో కూలిపని చేసే మరిది కావచ్చు, ఒక్కోసారి ఊళ్ళో సూదులు వేసే ఆరెంపీ కావచ్చు. జబ్బు ఆమెది. రొమ్ము మీద తీగలు అతికించి పరీక్ష చేసింది ఆమెకు. మాట మాత్రం ఆమె తల మీదుగా మరొకరికి చేరిపోతుంది. ఈ సంగతిని మనం ఇంతవరకూ ఆరోగ్య సమస్యగానే చూస్తూ వచ్చాం. ఇది హక్కుల సమస్య అని నా వాదన. వరకట్నం గురించి, ఆస్తిలో వాటా గురించి, సారా గురించి ఎట్లా మాట్లాడామో, ఆస్పత్రి కాగితం మీది మాటల గురించీ అట్లాగే మాట్లాడాలి.

డబ్బు సమస్య తీరిపోయిందని నేను అనడం లేదు. కానీ మా ప్రాంతంలో ఆ విషయంలో కొంత దారి పడింది. 1991 నవంబరులో పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి తెరిచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేయడం మొదలుపెట్టారు. కదిరి నుంచి అది దగ్గరే. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మహబూబ్‌నగర్, శ్రీకాకుళం మిగతా రెండు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది, 2022లో కదిరి జిల్లా కూడా మారింది. జనం నోట మాత్రం అది ఆరోగ్యశ్రీయే. మెడలో తాళి తాకట్టు పెట్టకుండా గుండె ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు ఇవాళ మా సంఘాల్లో ఉన్నారు. కార్డు ఆపరేషన్ టేబుల్ దాకా తీసుకుపోయింది. ఆ టేబుల్ మీద ఏం జరగబోతోందో చెప్పే మనిషిని మాత్రం ఏ కార్డూ ఇవ్వలేదు.

మాట అర్థం కాకపోతే ఏమవుతుందో చిన్న విషయంతో మొదలుపెడతాను. గాండ్లపెంట వైపు నుంచి ఒకామె ఎకో పరీక్ష చేయించుకుని వచ్చింది. రిపోర్టులో 'ఈఎఫ్ 60 శాతం' అని ఉంది. అంటే గుండె నూటికి అరవై వంతులే పనిచేస్తున్నదని ఇంట్లో ఎవరో చదివి చెప్పారు. ఆ రోజు నుంచి ఆమె బిందె ఎత్తలేదు, కూలికి పోలేదు, రాత్రిళ్ళు నిద్రపోలేదు. నిజానికి ఈఎఫ్ అంటే గుండె ఎడమవైపు కింది గది ఒకసారి ముడుచుకున్నప్పుడు తనలో ఉన్న రక్తంలో ఎంత భాగాన్ని బయటికి తోస్తుందో ఆ లెక్క. బాగున్న గుండెలో కూడా అది సుమారు 55 నుంచి 70 దాకానే ఉంటుంది. నూటికి నూరు ఎవరికీ ఉండదు. ఇంకొకామెకు 30 వచ్చింది. "పాసుకు అయిదే తక్కువ" అని కొడుకు తేలిగ్గా తీసుకున్నాడు. ఆమెకు వెంటనే మందులు మొదలుపెట్టాల్సిన పరిస్థితి. పరీక్ష మార్కుల లెక్క ఇద్దరి విషయంలోనూ తలకిందులైంది. ఈ ఒక్క అంకె బాగుంటే వాల్వుల్లో లోపం లేనట్టు కాదని కూడా ఇక్కడే చెప్పాలి.

అట్లాంటివే మరికొన్ని. 'ట్రివియల్ ఎంఆర్' అని రాసి ఉంటే అది చాలా కొద్దిపాటి లీకు, చాలామందిలో కనిపించేదే, సాధారణంగా దానికి వైద్యం అక్కర్లేదు. 'హార్ట్ ఫెయిల్యూర్' అంటే గుండె ఆగిపోవడం కాదు, ఒంటికి కావలసినంత రక్తాన్ని పంపలేక అలసిపోవడం. కాళ్ళు వాచడం, పడుకుంటే ఎగపోత రావడం దాని గుర్తులు. గుండె నిజంగా ఆగిపోతే దాన్ని 'కార్డియాక్ అరెస్ట్' అంటారు. గుండెకు రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డుపడి ఆ మేరకు కండ దెబ్బతింటే అది 'అటాక్'. ఇక బెలూన్ అనే మాట ఉంది. నాళం మూసుకుపోతే తెరవడానికి బెలూన్ వేస్తారు, వాల్వు సన్నబడితే వెడల్పు చేయడానికీ బెలూన్ వేస్తారు. జబ్బులు వేరు, ఆ తర్వాత తీసుకోవాల్సిన జాగ్రత్తలు వేరు. ఇంటికొచ్చాక మాత్రం రెంటికీ ఒకటే మాట, "బెలూన్ ఆపరేషన్ అయింది."

చదువురాని ఆడవాళ్ళకు ఇవన్నీ ఏం అర్థమవుతాయి అని కొందరు డాక్టర్లు అంటారు. మనలో కొందరు కార్యకర్తలూ లోపల అట్లాగే అనుకుంటారు. నేను ఒప్పుకోను. మా స్త్రీలకు వేరుశనగలో తిక్కాకు మచ్చ తెగులు తెలుసు, కదిరి-6 విత్తనానికీ పాత రకాలకూ తేడా తెలుసు, జిప్సం ఎప్పుడు వేయాలో తెలుసు. ఇన్‌పుట్ సబ్సిడీ, బ్యాంకు లింకేజీ, గ్రేడింగ్ అనే ఇంగ్లీషు మాటల్ని పొదుపు సంఘాల్లో అవలీలగా వాడుతున్నారు. ఎవరూ వాళ్ళకు నిఘంటువు ఇవ్వలేదు. తమ డబ్బుకూ తమ పంటకూ సంబంధించిన మాటలు కాబట్టి నేర్చుకున్నారు. దూబగుంటలో అక్షరాస్యత తరగతిలో కూర్చున్న స్త్రీలు పాఠంలోని మాటల్ని తమ బతుకుతో కలిపి చదువుకున్నాక 1992లో ఏం జరిగిందో మనకు తెలుసు.

అయితే ఇంగ్లీషు మాటను తీసేసి 'ద్విపత్ర కవాట సంకోచం' అని పెడితే పని జరగదు. ఆ తెలుగు ఇంగ్లీషు కంటే దూరం. కాగితం మీద ఉండేది 'ఎంఎస్' అనే రెండక్షరాలు. రేపు ఇంకో డాక్టరు ముందు ఆమె చెప్పాల్సిందీ అదే. కాబట్టి ఆ రెండక్షరాలనే నేర్పి, వాటి వెనక ఉన్న సంగతిని ఇంటి మాటల్లో చెప్పాలి. మా కరువు నేలలో దీనికి ఇబ్బందే లేదు. ఎండిన బావులు, బోర్లు, కాలిపోయిన మోటార్ల మధ్య బతికే ఊళ్ళలో వాల్వు అంటే తెలియని మనిషి ఉండదు. గేటు వాల్వు తుప్పు పట్టి సగమే తెరుచుకుంటే నీళ్ళు సన్నగా పడతాయి, వెనక పైపు మీద ఒత్తిడి పెరుగుతుంది. అది ఎంఎస్. ఫుట్‌వాల్వు సరిగా మూసుకోకపోతే ఎత్తిన నీళ్ళు మళ్ళీ బావిలోకే జారిపోతాయి, మోటారు ఊరికే తిరిగి వేడెక్కుతుంది. అది ఎంఆర్. ఈ మాట చెప్పగానే తనకల్లులో ఒక ముసలామె, "అయితే నాకు రెండూ చెడినాయి పాపా, గేటూ చెడింది, ఫుట్టూ చెడింది" అంది. ఆమె రిపోర్టు చూస్తే అందులో ఉన్నది సరిగ్గా అదే.

వాల్వు జబ్బుల్ని నేను ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. నగరాల్లో గుండెజబ్బు అంటే నడివయసు మగవాడి బ్లాకులు, స్టెంట్లు గుర్తుకొస్తాయి. పేద పల్లెల్లో ఇంకో గుండెజబ్బు ఉంది, దాని పేరు రుమాటిక్. అది ఆడపిల్లల్నే ఎక్కువగా పట్టుకుంటుంది. అయిదు నుంచి పదిహేనేళ్ళ లోపు గొంతునొప్పి వస్తుంది. సరైన వైద్యం అందని కొందరిలో రెండుమూడు వారాలకు జ్వరం, మోకాళ్ళూ మోచేతులూ ఒకదాని తర్వాత ఒకటి వాచి నొప్పి. కీళ్ళు బాగైపోతాయి, వాల్వులు మాత్రం లోపల్లోపల దెబ్బతింటాయి. ఇరుకిళ్ళు, ఒకే చాప మీద నలుగురు పిల్లలు, దగ్గరలో డాక్టరు లేకపోవడం దీనికి తోడు. మళ్ళీ మళ్ళీ ఆ జ్వరం రాకుండా మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజక్షన్ వేయించుకోవాలి. పెనిడ్యూర్ అంటే చాలామందికి తెలుస్తుంది. కొందరికి పదేళ్ళు, కొందరికి నలభయ్యో ఏడు దాకా. ఖరీదైన మందేమీ కాదు. కానీ ఆడపిల్లకు గుండెజబ్బని తెలిస్తే పెళ్ళి కాదని తల్లిదండ్రులు చీటీ దాచేస్తారు, పెళ్ళయ్యాక అత్తగారింట్లో తెలుస్తుందని ఆ పిల్లే సూది మానేస్తుంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బు మీద ప్రత్యేకంగా తీర్మానం చేసింది. తీర్మానం జెనీవాలో ఉంది, మా పిల్ల చీటీ ట్రంకుపెట్టె అడుగున ఉంది.

దాచిన జబ్బు బయటపడేది చాలాసార్లు కడుపుతో ఉన్నప్పుడే. గర్భం వస్తే ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. సన్నబడిన వాల్వు గుండా అంత రక్తం పోలేక ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. అయిదో నెలలో ఎగపోత, దగ్గు, పడుకోలేకపోవడం. "కడుపుతో ఉంటే ఆయాసం రాదా?", "రక్తం తక్కువ" అని ఐరన్ మాత్రలిచ్చి పంపుతారు. ఒక్క స్టెతస్కోపు పెట్టి శ్రద్ధగా వింటే అనుమానం రావాల్సిన జబ్బు ఇది.

నన్ను ఈ వ్యాసం రాయించిన స్త్రీ సంగతికి వస్తాను. ఇరవై మూడేళ్ళ మనిషి. తలుపుల వైపు ఊరు. ఎంఎస్ తీవ్రంగా ఉందని ఒక పెద్ద ఆస్పత్రిలో వాల్వు మార్చారు. ఆపరేషన్ బాగా జరిగింది, ఆ డాక్టర్ల చేతిపనిని తప్పుపట్టడానికి నాకేమీ లేదు. రెండేళ్ళకు ఆమె గర్భవతి అయింది. మూడో నెలలో చెకప్‌కు పోతే అక్కడి డాక్టరు ఆమె మాత్రల చీటీ చూసి కేకలేసింది: "ఈ మాత్ర వేసుకుంటూ ఎట్ల కడుపు తెచ్చుకున్నావు? ఎవరూ చెప్పలేదా?" గర్భం నిలవలేదు. అత్తగారింట్లో తప్పు ఆమెదే అయింది. రెండో పెళ్ళి మాట కూడా వచ్చింది.

ఏమిటి ఆ మాత్ర? వాల్వులు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి లోహంతో చేసినది. మన దేశంలోనే తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియతాన్ నాయకత్వంలో చవకైన లోహపు వాల్వు తయారైంది, 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. ఇట్లాంటి వాల్వు ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. కానీ దాని మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం రోజూ మాత్ర వేసుకోవాలి. ఎసిట్రోమ్ అనో వార్ఫరిన్ అనో రాస్తారు. మోతాదు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. రెండోది జంతువుల కణజాలంతో చేసిన వాల్వు. దానికి సాధారణంగా జీవితాంతం ఈ మాత్ర అక్కర్లేదు, కానీ వయసులో ఉన్నవాళ్ళలో అది పది పదిహేనేళ్ళకో, అంతకు ముందే కూడానో చెడిపోతుంది. మళ్ళీ గుండె కోయాలి. ఈ మాత్రలు తొలి నెలల్లో, ముఖ్యంగా ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య, పిండానికి హాని చేయవచ్చు. భయపడి మానేస్తే వాల్వు మీద గడ్డకట్టి తల్లి ప్రాణమే పోవచ్చు. అందుకే గర్భం అనుకోకముందే డాక్టరుతో మాట్లాడి ఇంజక్షన్లకు మారాలా, మోతాదు తగ్గించాలా అన్నది తేల్చుకోవాలి. అంటే ఏ వాల్వు అన్నది ఆమెకు బిడ్డలు కావాలా, ఎప్పుడు కావాలి, రెండోసారి ఆపరేషన్‌కు సిద్ధమా అనే ప్రశ్నలతో ముడిపడిన నిర్ణయం. అది తీసుకోవాల్సింది ఆమె.

ఆమెకు ఈ మాటల్లో ఒక్కటీ ఎవరూ చెప్పలేదు. మేము కేసు కాగితాలు అడిగితే "భర్తను పంపండి" అన్నారు. వైద్యుల ప్రవర్తన మీద 2002 నాటి నిబంధనల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని రాసిచ్చాక ఇచ్చారు. అందులో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది: ప్రమాదాలను అటెండర్‌కు వివరించాము అని. ఆఫీసుల్లో అటెండర్ అంటే ఫైళ్ళు మోసే బంట్రోతు. ఆస్పత్రిలో అటెండర్ అంటే రోగి ప్రాణం మీద నిర్ణయం తీసుకునే మగవాడు. కింద సంతకం మొగుడిది. ఆమె వేలిముద్ర కూడా లేదు. ఆమె పదో తరగతి దాకా చదివింది.

ఆ 2002 నిబంధనల్లోనే ఆపరేషన్‌కు అనుమతి గురించిన వాక్యంలో భర్త లేదా భార్య అనే మాట ముందొస్తుంది, రోగి చివర వస్తుంది. ఈ వరుస యాదృచ్ఛికమని నేననుకోను. కానీ 2008 జనవరిలో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో దీన్ని స్పష్టం చేసింది. పరీక్ష కోసం మత్తిచ్చిన స్త్రీకి, బయట కూర్చున్న తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసు అది. వయసు వచ్చిన, తెలివిలో ఉండి నిర్ణయించుకోగల మనిషి తరఫున ఇంకొకరి అనుమతి చెల్లదనీ, ప్రాణాపాయం లేనప్పుడు ఆమె తేరుకునేదాకా ఆగాలనీ కోర్టు చెప్పింది. వైద్యం ఏమిటి, ఎందుకు, లాభం ఏమిటి, వేరే మార్గాలున్నాయా, ముఖ్యమైన ప్రమాదాలు ఏమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి తెలిపి తీసుకున్నదే అనుమతి అంది. మన న్యాయసలహా కేంద్రాల్లో గృహహింస చట్టం గురించి చెప్పినట్టు ఈ తీర్పు గురించి ఎందుకు చెప్పడం లేదో నాకు అర్థం కాదు.

ఎసిట్రోమ్ గురించి ఇంకో రెండు మాటలు, ఇవి ఆస్పత్రిలో మగ అటెండర్‌కు చెప్పినా ఆమెదాకా రావు. ఆ మాత్ర వేసుకునేవాళ్ళలో నెలసరి రక్తస్రావం ఎక్కువ కావచ్చు. సిగ్గుపడి చెప్పక, రక్తహీనతతో నీరసపడి, చివరకు తమంతట తామే మాత్ర మానేసిన వాళ్ళున్నారు. అట్లాగే "ఆకుకూరలు తినొద్దు" అని చీటీ మీద రాసేస్తారు. అసలు విషయం, ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఆ మాత్ర పనిని తగ్గిస్తుంది. కాబట్టి తినే పాళ్ళు ఒక్కసారిగా మారకూడదు. మా దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు పచ్చనాకు కనిపించదు. నాలుగు చినుకులు పడగానే చెంచలాకు, గురుగాకు గట్ల మీద లేస్తాయి, ఇల్లంతా పదిరోజులు అదే కూర. ఐఎన్ఆర్ తప్పేది అప్పుడే. బెంగుళూరులోని డాక్టరుకు ఈ సంగతి తెలియదు, మనకు తెలుసు. ఒళ్ళునొప్పులకు అంగట్లో అడిగి తీసుకునే నొప్పిమాత్రలు ఈ మందుతో కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుందన్నది కూడా కూలిచేసే స్త్రీలకు తప్పక తెలియాలి.

అటాక్ సంగతిలో స్త్రీల మాటను నమ్మకపోవడం ఇంకో రకంగా కనబడుతుంది. 1991లో అమెరికాలో డాక్టర్ బెర్నడీన్ హీలీ అనే స్త్రీ, మగవాడిలాంటి గుండెజబ్బు తనకూ ఉందని రుజువు చేసుకుంటేగానీ ఆడదానికి సమానమైన వైద్యం దొరకడం లేదని రాసింది. అమెరికాలోనే అట్లా ఉంటే ఇక్కడ చెప్పేదేముంది? స్త్రీలలో కూడా ఛాతీనొప్పే ముఖ్య లక్షణం. కానీ దానితోపాటు, కొన్నిసార్లు అది లేకుండానే, దవడ, వీపు, భుజం నొప్పి, చల్లని చెమట, వాంతి, ఎన్నడూ లేని అలసట వస్తాయి. "గ్యాసులే" అని సోడా తాగించి పడుకోబెడతారు. గడ్డ అడ్డుపడ్డప్పుడు దాన్ని కరిగించే ఇంజక్షన్ ఉంది. మొదటి గంటల్లో ఇస్తేనే దాని మేలు ఎక్కువ, పన్నెండు గంటలు దాటితే ప్రయోజనం చాలా తగ్గిపోతుంది. నమ్మకంతో కానివ్వండి, బస్సు లేక కానివ్వండి, ఆ గంటలు ఇంట్లోనే పోతున్నాయి. అనుమానం వస్తే అడగాల్సిన మాట ఒకటే, "ఈసీజీ తీయండి." మొదటిది బాగుందన్నా నొప్పి తగ్గకపోతే మళ్ళీ తీయమని అడగవచ్చు.

స్టెంటు గురించి పొడిగించను. మాట తెలియకపోతే డబ్బు ఎట్లా పోతుందో చెప్పడానికి అది చాలు. 'ఫారిన్‌ది', 'మందు పూసినది' అని లక్ష దాటి తీసుకున్న రోజులున్నాయి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధర కట్టడి చేసింది. మందు పూసినదానికి 29,600 రూపాయలు, పూయనిదానికి 7,260. తర్వాత ఆ అంకెల్ని సవరిస్తూ వస్తున్నారు. బిల్లులో స్టెంటు ధర, కంపెనీ పేరు విడిగా రాసివ్వమని అడగవచ్చు.

డాక్టర్లకు తీరిక లేదన్న మాట నిజమే. వందమందిని చూసే ఓపీలో ఒక్కొక్కరికి వాల్వుల పాఠం చెప్పలేరు. దానికి మనుషుల్ని పెట్టాలి. ఆరోగ్యశ్రీ ఆస్పత్రుల్లో కార్డు చూసి కాగితాలు నింపే ఆరోగ్యమిత్రలు ఉన్నారు. వాళ్ళకు మాటలు చెప్పే శిక్షణ ఇచ్చి, ఆపరేషన్‌కు ముందు రోగి పక్కన కూర్చోబెట్టడం అసాధ్యమా? అనుమతి పత్రం తెలుగులో ఉండాలి, ఆమెకు చదివి వినిపించాలి, వాల్వు అయితే ఏ రకమో, గర్భం గురించి ఏం చెప్పారో అందులో రాయాలి, మొదటి సంతకం ఆమెది కావాలి. జిల్లా కలెక్టరుకూ ట్రస్టుకూ మహిళా సంఘాలు కలిసి ఈ వినతి ఇవ్వాలని నా ప్రతిపాదన. అందుకు మన పత్రిక పాఠకుల నుంచి అనుభవాలు కావాలి. మీ ప్రాంతంలో వాల్వు మార్చిన స్త్రీల అనుమతి పత్రాల మీద ఎవరి సంతకం ఉందో, వాళ్ళ అనుమతితో, పేర్లు లేకుండా రాసి పంపండి.

తలుపుల అమ్మాయి ఇప్పుడు తన ఐఎన్ఆర్ అంకెల్ని ఒక నోటుబుక్కులో తానే రాసుకుంటోంది. మొన్న చెకప్‌లో డాక్టరు పక్కనున్న మొగుడి వైపు చూసి మాట్లాడుతుంటే, "సార్, పోయిన నెల 3.1, ఈ నెల 2.2 వచ్చినాది, మాత్ర పెంచల్లా?" అని అడిగిందట. ఆయన కుర్చీ ఇటు తిప్పుకున్నాడని చెప్పింది.